మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పి, చేయడం

పెళ్లిలోనో బస్సులోనో పక్కన కూర్చున్నవాళ్లు ఏం పని చేస్తావమ్మా అని అడిగితే కౌన్సెలర్‌నని చెప్తాను. “ఎంసెట్ కౌన్సెలింగా?” అంటారు. సగం సార్లు తలూపి ఊరుకుంటాను. ఓపిక ఉన్న రోజు అసలు సంగతి చెప్తే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: “చచ్చిపోతానన్న మనిషిని ఏం చెప్పి ఆపుతారు?” మంత్రంలాంటి మాట ఒకటి ఉంటుందనీ, ట్రైనింగ్‌లో మాకు అది నేర్పుతారనీ చాలామంది అనుకుంటారు. అలాంటి మాటేదీ లేదు. మొదట హైదరాబాద్‌లో ఒక హెల్ప్‌లైన్‌లో వాలంటీర్‌గా చేశాను. ఇప్పుడు హనుమకొండలో ఒక చిన్న సంస్థలో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. నాకు అర్థమైనంతవరకు ఈ పనిలో సగం మొదటి మాటలో లేదు. మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పి, నిజంగా చేయడంలో ఉంది. ఇక్కడ రాసిన మనుషుల ఊళ్లు, చుట్టరికాలు, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను.

హెల్ప్‌లైన్ ట్రైనింగ్‌లో ఇద్దరిద్దరం ఒకరికొకరు వీపు పెట్టి కూర్చునేవాళ్లం. ఫోన్‌లో మొహం కనపడదు కదా, అందుకు. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన ఫోన్ చేసేవాళ్ల పాత్ర వేసేవారు. ఎంత బాగా వేసేవారంటే ఒకసారి ఒక వాలంటీర్ కళ్లు తుడుచుకుంటూ లేచి బయటికి వెళ్లిపోయింది. ముందు మా నోళ్లలోంచి కొన్ని మాటలు మాన్పించారు. ధైర్యంగా ఉండు. నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు బతకట్లేదా. పిల్లల మొహం చూసైనా బతుకు. ఈ చివరిది మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ స్థితిలో ఉన్న తల్లి చాలాసార్లు ‘నేను లేకపోతేనే పిల్లలు బాగుపడతారు’ అనే లెక్కలో ఉంటుంది. ఆమెకు పిల్లల్ని గుర్తుచేస్తే బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఈ పద్ధతి వెనక ఒక చరిత్ర ఉంది. 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి ఫాదర్, చచ్చిపోవాలనుకునేవాళ్ల కోసమని ఒక ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. మనుషులు రావడం మొదలైంది. ఆయన కోసం బయట ఎదురుచూసేవాళ్లకు టీలు ఇచ్చి కూర్చోబెట్టే పనికి కొందరు మామూలు మనుషులు వచ్చారు. చివరికి చూస్తే, చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్లతోనే మాట్లాడుకుని, ఫాదర్‌ని కలిసే అవసరం లేకుండానే వెళ్లిపోతున్నారు. సమారిటన్స్ అనే సంస్థ అలా నిలబడింది. మన దగ్గర వాలంటీర్లతో నడిచే హెల్ప్‌లైన్లు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో మొదలుపెట్టిన స్నేహ కూడా అలాంటిదే.

మాన్పించడం అయ్యాక, ఒక ప్రశ్న అడగడం నేర్పారు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” తిప్పకుండా, గొంతు తగ్గించకుండా అడగాలి. గదిలో ఒక్కరికీ నోరు రాలేదు. అప్పుడే కాదు, ఇప్పటికీ నేను వెళ్లే స్కూళ్లలో టీచర్లు, పీహెచ్‌సీల్లో ఆశా కార్యకర్తలు ఇదే మాటంటారు: “అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా మేడం?” కాదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చూపించాయి. ఉన్న ఆలోచనకు మాత్రం బయటికి రావడానికి తలుపు దొరుకుతుంది. నేను చూసినంతలో, అడిగినందుకు కోప్పడినవాళ్లు చాలా తక్కువ. ఊపిరి పీల్చుకున్నవాళ్లే ఎక్కువ.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే ఏప్రిల్ ఆఖరు మాకు గడ్డు కాలం. 2019లో తెలంగాణలో ఫలితాల తర్వాత కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. ఆ ఏడాది మార్కుల్లో తప్పులు దొర్లాయని రాష్ట్రమంతా గోల అయింది. అప్పటి నుంచి రిజల్ట్ రోజున రాత్రి షిఫ్ట్‌లో ఒకరు ఎక్కువే ఉంటాం.

అలాంటి ఒక రాత్రి వచ్చిన కాల్ ఇది. కుర్రాడి గొంతు. “మేడం, సప్లిమెంటరీ ఫీజు లాస్ట్ డేట్ ఎప్పుడు?” చెప్పాను. థ్యాంక్స్ అన్నాడు గానీ ఫోన్ పెట్టలేదు. ఇంకేమైనా అడగాలా అంటే ఏం లేదన్నాడు. అయినా పెట్టలేదు. అవతల గాలి చప్పుడు బాగా వినిపిస్తోంది. ఇలా పక్కదారి ప్రశ్నతో మొదలయ్యే కాల్స్ మాకు కొత్త కాదు. ఒకాయన కరెంటు బిల్లు గురించి మాట్లాడి మాట్లాడి, చివర్లో అసలు సంగతి చెప్పాడు. అందుకని తేదీ అడిగినవాడికి తేదీ చెప్పి ఊరుకోం.

“రిజల్ట్ చూసినప్పటి నుంచి చచ్చిపోవాలని అనిపిస్తోందా తమ్ముడూ?”

కాసేపు గాలి చప్పుడే. తర్వాత, “మీకెట్ల తెల్సు?”

“తెలీదు. అందుకే అడుగుతున్నా.”

ఏడుపు మొదలైంది. ఏడవనిచ్చాను. ఎక్కడున్నావంటే బిల్డింగ్ మీదున్నానన్నాడు. ఈ సమయంలో ‘అయ్యో, దిగిపో’ అని నేను గాభరా పడితే వాడు ఫోన్ కట్ చేస్తాడు. “గాలికి నీ మాట సగం వినపడట్లేదు, కింద మెట్ల దగ్గరికొచ్చి మాట్లాడతావా?” అన్నాను. అబద్ధం కూడా కాదు. నిజంగానే సగం వినపడట్లేదు. చెప్పుల చప్పుడు, తలుపు గొళ్లెం చప్పుడు వినిపించాయి. ఇప్పుడు వినపడుతుందా అన్నాడు. వినపడుతోందన్నాను. అప్పటిదాకా బిగబట్టిన భుజాలు అప్పుడు వదులయ్యాయి, నావి.

మ్యాథ్స్‌లో, ఫిజిక్స్‌లో పోయాయి. నాన్న దుబాయ్‌లో ఉన్నాడు, వీడి చదువు కోసమే వెళ్లాడు. అమ్మ లోపల పడుకుని ఉంది. అమ్మకు చెప్పకండన్నాడు. ఇక్కడ మేం అబద్ధపు హామీ ఇవ్వం. “నువ్వు చెప్పినవి నేను ఎవరికీ చెప్పను. కానీ నీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఒక్కణ్ణి వదిలెయ్యను, ఇంట్లో ఒకరికి తెలియాలి. అది ఎవరో నువ్వే చెప్పు” అన్నాను. చాలాసేపు ఆలోచించి, మేనమామ పేరు చెప్పాడు. బస్టాండ్ దగ్గర మొబైల్ షాపు ఉందట. “ఆయన టెన్త్ రెండుసార్లు ఫెయిలైండు మేడం.” ఆ రాత్రి వాడి గొంతులో నవ్వులాంటిది వినపడ్డది అప్పుడే.

మామకు కాన్ఫరెన్స్ కలిపాం. ఆయన బండి మీద బయల్దేరి వచ్చేలోపల మేమిద్దరం ఒక కాగితం రాసుకున్నాం. మా పనిలో దీన్ని సేఫ్టీ ప్లాన్ అంటారు. అమెరికాలో స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు తయారుచేసిన పద్ధతి ఇది. కౌన్సెలర్ నింపే ఫారం కాదు, ఆ మనిషే తన మాటల్లో రాసుకోవాలి. వాడు హాల్‌టికెట్ జిరాక్స్ వెనక రాశాడు. ఆ ఆలోచన వచ్చే ముందు ఏమవుతుందని అడిగాను. “వాట్సాప్‌ల స్టేటస్‌లు చూస్త. అందరి మార్కులు.” అప్పుడు ఎవరి సాయం లేకుండా నువ్వేం చేయగలవు? “బర్లకు నీళ్లు పెడ్త.” రాసుకో. మనసు మళ్లాలంటే ఎవరి దగ్గర కూర్చుంటావు? మామ షాపు. సాయం కావాలని నోరు తెరిచి ఎవరినడుగుతావు? మామనే. తర్వాత మా నంబర్, దాని కింద టెలీ మానస్ 14416. ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత నంబర్ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చివరిది, ప్రమాదమైనవాటిని చేతికి దూరంగా పెట్టడం. కాగితంలో ఇది చివరన ఉంటుంది గానీ చాలాసార్లు ముందు చేయాల్సింది ఇదే. డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి మామ జేబులో పెట్టుకోవాలని ముగ్గురం అనుకున్నాం. తీవ్రమైన ఆ తపన చాలామందిలో గంటల్లో, కొన్నిసార్లు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ కాసేపు మనిషికీ ప్రమాదానికీ మధ్య ఒక తాళం, ఒక మనిషి అడ్డుంటే చాలు, గండం గడుస్తుంది.

“రేపు పదకొండింటికి ఫోన్ చేస్తా. నువ్వు ఎత్తకపోతే మామకు చేస్తా” అన్నాను. మర్నాడు చేశాను. “నిజంగనే చేసిన్రా!” అన్నాడు.

ఈ ఆశ్చర్యం నేను చాలామంది గొంతుల్లో విన్నాను. మా రంగంలో మళ్లీ ఫోన్ చేయడాన్ని చాలా చోట్ల చిల్లర పనిగా చూస్తారు, కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారు. నాకది అసలు నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, మన చెన్నైతో కలిపి ఐదు చోట్ల ఒక అధ్యయనం చేయించింది. 2008లో ఫలితాలు వచ్చాయి. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికి వచ్చినవాళ్లు 1,867 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లకు దాంతోపాటు ఒక గంట మాట్లాడి, తర్వాత ఏడాదిన్నర పాటు అప్పుడప్పుడు ఫోన్ చేయడమో ఇంటికెళ్లి పలకరించడమో చేశారు. మొత్తం తొమ్మిదిసార్లు. ఆ ఏడాదిన్నరలో మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరింపు దక్కినవాళ్లలో 0.2 శాతం. కొత్త మందేమీ లేదు, పెద్ద మెషీన్ లేదు. ఎవరైనా మా సంస్థకు ఏం కావాలని అడిగితే, ఫోన్ బిల్లులూ బస్ చార్జీలూ అంటాను. నవ్వుతారు.

ఆ కుర్రాడు మేలో సప్లిమెంటరీ రాశాడు. ఫిజిక్స్ గట్టెక్కింది, మ్యాథ్స్ ఇంకా ఉంది. ఈ విషయంలో ప్రభుత్వాలు చేయగలిగింది ఏంటంటే, తప్పినవాడికి మళ్లీ రాసే అవకాశం త్వరగా ఇవ్వడం. తమిళనాడు 2000ల మొదట్లోనే అలా వెంటనే పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. వీడు అడిగిన మొదటి ప్రశ్న ఆ ఫీజు గురించే కదా. వాడిలో బతకాలనుకున్న సగం అడిగిన ప్రశ్న అది అని నా నమ్మకం.

పోలీసు కేసు భయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆస్పత్రికి తీసుకెళ్తే కేసవుతుందని ఇప్పటికీ ఆలస్యం చేసేవాళ్లున్నారు. డాక్టర్‌కి అబద్ధం చెప్పేవాళ్లూ ఉన్నారు, ఏం జరిగిందో తెలియక డాక్టర్‌కి విలువైన సమయం పోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ అసలు లేనే లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. కాబట్టి ముందు ఆస్పత్రికి పరుగెత్తండి, ఉన్నదున్నట్టు చెప్పండి.

అన్ని కాల్స్ ఇలా ముగియవు. కొన్ని మధ్యలో తెగిపోతాయి, తర్వాత ఏమైందో ఎప్పటికీ తెలీదు. అందుకే మాకు వారానికోసారి సూపర్‌విజన్ ఉంటుంది. ఒక సైకియాట్రిస్ట్ మా కేసులు వింటారు, మమ్మల్నీ వింటారు. మా దగ్గరికి నెలల తరబడి వస్తూ, కోలుకుంటోందని అందరం అనుకున్న ఒకావిడ చనిపోయింది. ఆ వారం నాకు కొత్త కాల్స్ ఇవ్వలేదు. సూపర్‌వైజర్ నా పక్కన కూర్చుని ఆవిడ ఫైల్ మొదటి నుంచి చదివారు, తప్పు వెతకడానికి కాదు, నేను ఒక్కదాన్నే రాత్రిళ్లు చదువుకుంటూ కూర్చోకుండా ఉండడానికి. కొన్ని రోజులకు ఆవిడ అన్నయ్య ఫోన్ చేశారు. “అమ్మ మీతో మాట్లాడాలంటుందండి. దాని గురించి మాట్లాడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు.” వెళ్లాను. పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లే పనిలోకి నేను వచ్చింది అలాగే.

ఒక ఆత్మహత్య దాదాపు 135 మందిని తాకుతుందని అమెరికాలో జూలీ సెరెల్ అనే పరిశోధకురాలి బృందం లెక్కగట్టింది. మన పల్లెల్లో ఆ లెక్క సరిపోదనిపిస్తుంది, ఊరంతా వాకిట్లోనే ఉంటుంది. అందరూ వస్తారు, పదకొండో రోజు దాకా. తర్వాత ఎవరూ రారు. మేం మూడో వారంలో వెళ్తాం. ఇలా చనిపోయినవాళ్ల దగ్గరి మనుషులకు అదే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ రెండు పనుల్నీ వేరుగా చూడొద్దంటాను.

పత్తి చేసే ఒక కౌలు రైతు ఇల్లు. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు. ఆయన భార్యకు ముప్పై నిండలేదు. నేను వెళ్లేసరికి కవర్‌లో కాగితాలు పెట్టుకుని కూర్చుంది. ఎఫ్ఐఆర్ కాపీ, పంచనామా, పంచాయతీ సెక్రటరీ ఇచ్చిన డెత్ సర్టిఫికెట్. పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంకా రాలేదు. మాట్లాడదామని వెళ్లిన నన్ను ఆమె మొదట అడిగింది, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలని. దుఃఖం గురించి కూర్చుని మాట్లాడుకునే తీరిక ఆమెకు లేదు. అందుకని కాగితాలతోనే మొదలుపెట్టాను. మా పని ఇదేనా అని ఎవరైనా అంటే ఇదే అంటాను.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో జీవో 421 కింద ఇలాంటి కుటుంబాలకు లక్షన్నర ఇచ్చేవారు. తెలంగాణ వచ్చాక 2015లో జీవో 194తో అది ఆరు లక్షలైంది. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ఉండే త్రిసభ్య కమిటీ వచ్చి విచారించి, ఇది రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. 2018 నుంచి రైతు బీమా ఉంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా అయిదు లక్షలు. కానీ అది పేరు మీద భూమి ఉన్నవాళ్లకే. ఈయనది కౌలు, నోటి మాట ఒప్పందం. పాసుపుస్తకం భూమి యజమాని దగ్గరుంది. బ్యాంకు అప్పు యజమాని పేరున, ఫర్టిలైజర్ షాపు బాకీ, మూడు రూపాయల మిత్తి అప్పు మాత్రం ఈయన పేరున. ఇక మిగిలింది కమిటీ దారి. కమిటీ వాళ్లు వచ్చి ‘నీ మొగుడు ఎందుకు చచ్చిపోయిండు’ అని అడిగితే అప్పుల గురించే చెప్పాలి, ఇంట్లో గొడవ అని ఒక్క మాట దొర్లినా ఫైల్ మూలన పడుతుందని ఆమెకు ఎవరో ముందే చెప్పి ఉంచారు. భర్త పోయిన మూడో వారంలో ఒక మనిషి పెట్టుకోవాల్సిన టెన్షనా ఇది?

ఎందుకు అన్న ప్రశ్న ఇంట్లోనూ నడుస్తోంది. అత్తగారు నన్ను పక్కకు పిలిచి, గొంతు మాత్రం తగ్గించకుండా అంది: “పొద్దుగాల లేవంగనే పైసలు పైసలని లొల్లి పెట్టింది బిడ్డా. గందుకే పోయిండు నా కొడుకు.” కోడలికి వినపడాలనే అంది. కోడలు తల ఎత్తకుండా, “నేను ఆ రోజు తల్లిగారింటికి పోకపోతే బతుకుతుండె” అంది. ఇద్దరివీ వేరు మాటలు. కానీ ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు, అంత పెద్ద చావుకు ఒక్క కారణం పట్టుకుని దాన్నే తిప్పుతున్నారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. దేశంలో ఆత్మహత్యల లెక్కలు రాసే ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్లూ ఒక్కో చావునూ ఒక్కో గడిలోనే వేస్తారు. 2022లో దేశంలో 1,70,924 మంది. కుటుంబ సమస్యలు 31.7 శాతం, జబ్బులు 18.4 శాతం. వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290, వాళ్లలో సగానికి పైగా కూలీలు. ఈయన్ని ఏ గడిలో వేస్తారు?

నీ వల్ల కాదమ్మా అని నేను అనలేదు. ఆ మాట ఊళ్లో అందరూ అనేశారు, ఆమె నమ్మలేదు. ఇంకేమేం ఉండె అని అడుగుతూ పోయాను, ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి. గులాబీ రంగు పురుగుతో పోయిన సాలు పత్తి పోయింది. ఈసారి గింజ పెట్టాక వాన లేదు, మళ్లీ పెట్టారు. చెల్లెలి పెళ్లి బాకీ. తాగుడు పెరిగింది. అన్నం తగ్గింది. అప్పుడు అత్తగారే అంది: “నెల సంది నిద్ర లేదు వానికి. నడిరాత్రి లేసి వాకిట్ల తిరుగుతుండె. నేను సూసిన.” కోడలు మొదటిసారి ఆమె వైపు చూసింది. “నాకెందుకు చెప్పలే అత్తమ్మా?” “నీకు తెల్సనుకున్న.” ఇద్దరూ ఒకే మనిషిని రెండు వైపుల నుంచి చూశారు, ఒకరితో ఒకరు అనుకోలేదు. నిద్ర పోవడం, తిండి పోవడం, ఒంటరిగా తిరగడం డిప్రెషన్ లక్షణాలని, అది జబ్బని, దానికి వైద్యం ఉంటుందని చెప్పాను. అత్తగారి కోపం ఆ రోజుతో పోలేదు. కానీ రెండోసారి వెళ్లినప్పుడు ఆ ‘గందుకే’ అన్న మాట వినపడలేదు.

ఇలాంటి ఇంటికి వెళ్తే నేను మర్చిపోకుండా అడిగేది ఇంకొకటుంది: మిగిలిన పురుగుల మందులు ఎక్కడున్నాయి? చాలా ఇళ్లల్లో అవి అటక మీదో పశువుల కొట్టంలోనో అలాగే ఉంటాయి, ఎవరికీ తోచదు. ఇక్కడ మరిది ఆ రోజే మూత తీయని డబ్బాలు షాపుకు వాపసు ఇచ్చాడు. ఇది చాదస్తం కాదు. శ్రీలంక 1990ల నుంచి బాగా విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది, ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా పడిపోయింది. మన దగ్గర సభల్లో మనోధైర్యం గురించి చాలా మాట్లాడతారు. అమ్మే డబ్బా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పిల్లవాడు ఎనిమిదేళ్లవాడు. నాన్నకు గుండెపోటు వచ్చిందని చెప్పారు. వాడు మా మాటలు జరుగుతున్నంతసేపూ గుమ్మం దగ్గర సైకిల్ టైర్ తిప్పుతూ ఉన్నాడు. స్కూల్ ఆటోలో పిల్లలు ఏమంటున్నారో తల్లికి తెలుసు, అయినా ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంది. నిజం పిల్లలకు బయటి నుంచి తెలిస్తే, ఇంట్లోవాళ్లను ఇక దేనికీ నమ్మరు. పైగా తమ వల్లే జరిగిందని లోపల లోపల అనుకుంటారు. ఎలా చెప్పాలో ఆమె, నేను రెండు మూడుసార్లు అనుకున్నాం. చెప్పింది మాత్రం ఆమే, నేను పక్కన కూర్చున్నాను. “నాయనకు మనసుల జబ్బు చేసింది బిడ్డా. దానితోని చచ్చిపోయిండు, తనంత తానే. నువ్వు అల్లరి చేసినవని కాదు. నేను తిట్టిన్నని కాదు.” వాడు టైర్ ఆపాడు. “ఆటోల అన్నరు” అన్నాడు. కాసేపాగి, “మరి మన బండి ఎవరు నడుపుతరు?” అన్నాడు. తల్లికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. చిన్నాయన నడుపుతడు, నువ్వు పెద్దయినంక నువ్వు నడుపుతవ్ అంది. పిల్లలు ఇలాంటివే అడుగుతారు, ఇంకో వారానికి ఇంకో ప్రశ్న వేస్తారు. ప్రతిదానికీ ఉన్నదే చెప్పాలి, అంతే.

ఆమె ఫైల్ ఇంకా నడుస్తోంది. కుట్టుమిషన్ పని మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే ముందు ఆఫీసు కబుర్లే చెప్తుంది, ఏ క్లర్కు ఏమన్నాడో, ఏ సంతకం ఆగిందో. నిద్ర పడుతోందా అని అడిగితే గానీ తన సంగతి చెప్పదు.

హనుమకొండలో నెలకో ఆదివారం ఇలాంటి కుటుంబాల వాళ్లం ఒక స్కూలు గదిలో కూర్చుంటాం. పిల్లల బెంచీలు, మోకాళ్లు పట్టవు. రూల్స్ రెండే: ఎవరికీ సలహా ఇవ్వొద్దు, ఎలా పోయారో వివరాలు చెప్పొద్దు. మిగతాదంతా మాట్లాడొచ్చు. కోపం కూడా. పోయినవాళ్ల మీద కోపం వస్తుందని బయట అనే ధైర్యం ఎవరికుంటుంది? ఇక్కడ ఒకామె “వాడు కనపడితే చెంప పగలగొడతా” అంటే పక్కామె “నేనూ” అంది. టీ తాగుతూ అందరూ నవ్వారు. బయటివాళ్లు చూస్తే ఏమనుకునేవారో గానీ, ఆ గదిలో అది మామూలే.

ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరైన ఒకాయన చాలా కాలం వచ్చారు. ఇంజనీరింగ్ చదివే కూతురు పోయింది. మొదట్లో మాట్లాడేవారు కాదు, అలవాటు కొద్దీ మనుషుల్ని మాత్రం రెండుసార్లు లెక్కపెట్టి, ఇవాళ ఇంతమందిమని నాకు చెప్పేవారు. ఆ రోజు నైట్ డ్యూటీకి పోకుండా ఉంటే అనే మాట దగ్గరే చాలా నెలలు తిరిగారు. తర్వాత తర్వాత కూతురు చేసే అల్లరి చెప్పడం మొదలుపెట్టారు, ఆయన టికెట్ మెషీన్‌తో ఆడుకుని ఇంట్లో అందరికీ టికెట్లు కొట్టేదట. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని నీళ్ల సీసా అందించే పని ఆయనే పెట్టుకున్నారు.

మొన్న ఫోన్ చేసి, “ఇగ నేను రానమ్మా. ఆదివారం మా వాకింగోళ్లు క్యారమ్స్ పెట్టుకున్నరు. పేరు తీసెయ్” అన్నారు. సరే సార్ అన్నాను. సంతోషమే. మాకు ఇలా మానేసేవాళ్లు కావాలి. లిస్టులోంచి పేరు తీసేశాను. నంబర్ మాత్రం ఉంచాను, ఏప్రిల్‌లో వాళ్లమ్మాయి పోయిన రోజు వస్తుంది, ముందురోజు సాయంత్రం చేస్తానని చెప్పాను. “చెయ్యి, క్యారమ్స్ ఆడుతుంటే రెండోసారి చెయ్యి” అన్నారు.